ఫోనులో మూటగట్టిన మాట



మీ ఇంటి బీరువాలోనో, ట్రంకుపెట్టె అడుగునో ఒక పాత బటన్ల ఫోను ఉండవచ్చు. దాని మీటలమీది అంకెలు చెరిగిపోయి ఉంటాయి. అయినా అమ్మ దానిని పారవేయనివ్వదు. ఎందుకో అడిగి చూడండి. "అందులో తాత మాటలున్నాయిరా!" అంటుంది.

ఆ ఫోనులోని మెమరీ కార్డును తీసి కంప్యూటరుకు తగిలిస్తే ఫైలు పేరు కనబడుతుంది. పేరు చివర ఒక చుక్క, ఆ చుక్క తరువాత 'ఏఎంఆర్' అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. నొక్కితే మాత్రం చాలా కంప్యూటర్లు, కొన్ని కొత్త ఫోనులు "ఈ ఫైలు తెరవడం వీలుకాదు" అంటాయి. మాట లోపల ఉంది, కాని వినబడదు! అప్పుడు దానిని ఎంపీ3 వంటి మరో రూపంలోకి మార్చుకోవాలి.

ఇలా మార్చడం ఒక్క నిమిషం పని. అయితే ఆ నిమిషంలో ఏమి జరుగుతుందో తెలియకపోతే, ఉన్న మాటను మనమే పాడుచేసుకునే ప్రమాదం ఉంది. మార్పిడి అయిపోయింది కదా అని అసలు ఫైలును చెరిపివేసేవారు ఎందరో! అలా చెరపకూడదు. ఎందుకు చెరపకూడదో చెప్పడానికే ఈ వ్యాసం.

బొగ్గు పట్టణాల మాటలు

మంచిర్యాల జిల్లాలోని మా రామకృష్ణాపూర్ వంటి సింగరేణి పట్టణాలలో ఈ సంగతికి మరింత విలువ ఉంది. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. ఈ గనులలో తరాల తరబడి కార్మికులు తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గును టబ్బులలోకి ఎత్తారు. గనిని మా దగ్గర 'బాయి' అంటారు. చెమ్మస్ అంటే బొగ్గు ఎత్తే పార. తరువాత ఆ పనిని యంత్రాలు అందుకున్నాయి. ఉపరితల గనులు పెరిగాయి. 1990ల తొలి సంవత్సరాలలో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య నేడు దాదాపు 40 వేలకు తగ్గింది.

చెమ్మస్ పట్టిన చేతులు వృద్ధాప్యంలోకి వచ్చాయి. చాలామంది కాలం చేశారు. బాయిలోకి దిగిన మొదటి రోజు ఎలా ఉండేదో, పైకప్పు నుంచి బొగ్గు పెళ్లలు రాలబోయే ముందు వచ్చే చప్పుడును ఎలా పసిగట్టేవారో, అన్నం గిన్నెను ఎలుకల బారినుంచి ఎలా కాపాడుకునేవారో వారి నోటనే వినాలి. అటువంటి మాటలు కొన్ని ఇళ్లలో పాత ఫోనులలో మాత్రమే మిగిలి ఉన్నాయి. అవి మళ్లీ రికార్డు చేయడానికి వీలులేనివి.

మాట అంకెలుగా మారడం

ధ్వని గాలిలో ప్రయాణించే కంపనం అని మీరు భౌతికశాస్త్రంలో చదువుకున్నారు. ఫోనులోని మైకు ఈ కంపనాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో ఫోను క్షణక్షణమూ కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. రోగి జ్వరాన్ని నర్సు గంటగంటకూ చూసి చార్టులో రాయడం వంటిదే ఇది. అయితే నర్సు రోజుకు 24 సార్లు కొలిస్తే, ఫోను మాటను సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది! ఒక్కొక్క కొలతను 'నమూనా' అంటారు.

8,000 సార్లే ఎందుకు? ఒక కంపనాన్ని సరిగా పట్టుకోవాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలవాలి. టెలిఫోను వ్యవస్థ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్‌జ్‌ల వరకు ఉన్న ధ్వనులనే మోసేది. మాట అర్థం కావడానికి అంత చాలు. 3,400కు రెట్టింపు 6,800. కాస్త ఎడం ఉంచుకొని 8,000 అని నిర్ణయించారు.

ఒక్కొక్క నమూనాను రాయడానికి 16 బిట్లు, అనగా 2 బైట్లు కావాలనుకుందాం. అప్పుడు సెకనుకు 16,000 బైట్లు. నిమిషానికి 9,60,000 బైట్లు. ఈ లెక్కను గుర్తుంచుకోండి, దీనితో ముందు ముందు పని ఉంది.

నేటి ఫోనుకు ఇది చిటికెడు సరుకు. పాత ఫోనుల మెమరీ చాలా చిన్నది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఒకే టవరు కింద ఎందరో ఒకేసారి మాట్లాడుకోవాలి. గాలిలో ఉన్న రేడియో దారి ఇరుకైనది. అందుచేత మాటను ఎంతో కుదించి పంపే ఉపాయం అవసరమైంది. సెల్‌ఫోను వ్యవస్థల కోసం 1999లో ఆమోదించిన అటువంటి ఉపాయమే ఏఎంఆర్. ఫోను సంభాషణ కోసం లోపల ఎలాగూ ఉన్నదే కనుక, మాటలు రికార్డు చేసి దాచుకోవడానికి కూడా ఆ ఫోనులు దానినే వాడుకున్నాయి.

నోటిని వర్ణించే లెక్క

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. వేళ్లను గొంతుమీద ఆనించి "ఆ..." అనండి. వేళ్లకు కంపనం తెలుస్తుంది. "స్‌స్‌స్..." అనండి. గొంతు కదలదు, గాలి మాత్రం బుస కొడుతుంది. ఇప్పుడు గొంతు శ్రుతి మార్చకుండా "ఆ, ఈ, ఊ" అని వరుసగా అనండి. గొంతులోని కంపనం అదే. మారినదల్లా నాలుక, పెదవుల ఆకారం.

అంటే మన మాటలో రెండు భాగాలున్నాయన్నమాట. ఒకటి, స్వరతంత్రుల కంపనం లేక గాలి బుస. రెండు, ఆ ధ్వనిని మలిచే నోటి ఆకారం. సన్నాయిలో పీకె ధ్వనిని పుట్టిస్తే, గొట్టం, దానిమీది రంధ్రాలు దానిని మలచడం వంటిదే ఇది.

నోరు ఎంత వేగంగా కదిలినా సెకనులో 50వ వంతు కాలంలో దాని ఆకారం పెద్దగా మారదు. కాబట్టి ఏఎంఆర్ మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. ఒక్కొక్క ముక్కలో 160 నమూనాలుంటాయి. ఆ 160 అంకెలనూ దాచడానికి బదులు, "ఈ క్షణంలో నోటి ఆకారం ఇది, గొంతు శ్రుతి ఇది, ఊపిరి తీరు ఇది" అని ఒక చిన్న వర్ణన రాసుకుంటుంది. నోటి ఆకారాన్ని వర్ణించడానికి దాదాపు 10 సంఖ్యలు చాలు. వినేటప్పుడు ఫోను ఆ వర్ణనను చదివి, గొంతును కొత్తగా తయారుచేస్తుంది.

ఆశ్చర్యంగా లేదూ? ఏఎంఆర్ ఫైలులో మీరు వినే తాత గొంతు ఆయన మాటకు అచ్చమైన నకలు కాదు. ఆయన నోరు ఎలా కదిలిందో చెప్పే వర్ణననుబట్టి ఫోను తిరిగి కట్టిన గొంతు అది. వర్ణన బాగా కుదిరింది కనుకనే మనం ఆయనను గుర్తుపడుతున్నాం.

ఈ విద్యకు పునాది వేసినవారిలో మన దేశంలో పుట్టిన శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయన పేరు బిష్ణు అటల్. 1933లో కాన్పూరులో జన్మించారు. లక్నో విశ్వవిద్యాలయంలో, తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చదివారు. 1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో చేరారు. వెనుకటి కొన్ని నమూనాలను చూసి తరువాతి నమూనాను అంచనా వేయవచ్చునని, ఆ అంచనాకు వాడే సంఖ్యలే నోటి ఆకారాన్ని చెబుతాయని 1960ల చివరలో ఆయన చూపారు. అదే కాలంలో జపానులో ఇటాకురా, సైటో అనే శాస్త్రవేత్తలు కూడా ఇదే దారిలో నడిచారు.

గంటల పట్టిక

నోటి ఆకారం సరే, ఊపిరి తీరును ఎలా చెప్పాలి? దీనికి అటల్, మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ కలిసి 1985లో ప్రకటించిన ఉపాయం బొగ్గుబాయి తెలిసినవారికి తేలికగా అర్థమవుతుంది.

ఇనుప తాడుతో టబ్బులను లాగే గనిలో తాడును నడిపే యంత్రం ఒకచోట, టబ్బులు మరొకచోట ఉంటాయి. మధ్య దూరం చాలా ఎక్కువ. అరిస్తే వినబడదు. అందుకని గంట సంకేతాలు వాడతారు. ఇన్ని గంటలు కొడితే "ఆపు", ఇన్ని కొడితే "లాగు", ఇన్ని కొడితే "దింపు" అని ముందే ఒప్పందం. ఆ పట్టిక రెండు చివరలా ఉంటుంది. కార్మికుడు మొత్తం వాక్యాన్ని పంపనక్కరలేదు. గంటల లెక్క పంపితే అవతలివాడికి వాక్యమంతా అందినట్లే.

అటల్, ష్రోడర్‌ల పద్ధతి కూడా ఇటువంటిదే. ఊపిరి తీరులు కొన్నింటిని ముందే పట్టికగా రాసిపెట్టారు. మాటను కుదించే యంత్రం దగ్గర, విప్పే యంత్రం దగ్గర అదే పట్టిక ఉంటుంది. మాటలోని ప్రతి ముక్కకూ ఏ తీరు దగ్గరగా సరిపోతుందో వెదికి, దాని వరుస సంఖ్యను మాత్రమే పంపుతారు. ఆ వెదుకులాట అప్పట్లో ఎంత భారమంటే, ఒక్క సెకను మాటను కుదించడానికి నాటి క్రే-1 సూపర్ కంప్యూటరుకు 150 సెకన్లు పట్టింది! ఆ తరువాత లెక్కను సులువు చేసే మెరుగుదలలు వచ్చాయి, చిప్పుల వేగం పెరిగింది. అదే వంశానికి చెందిన ఏఎంఆర్ మన జేబులోని ఫోనులో ఇమిడిపోయింది.

ఏఎంఆర్‌లో 8 స్థాయిలున్నాయి. అన్నిటికంటే తక్కువది సెకనుకు 4,750 బిట్లు, ఎక్కువది 12,200 బిట్లు. ఎక్కువ స్థాయిలో ఒక్కొక్క 20 మిల్లీసెకన్ల ముక్కకు 244 బిట్లు పడతాయి. ఫైలులో దాచేటప్పుడు ముక్కకు ఒక బైటు గుర్తు చేర్చి మొత్తం 32 బైట్లు చేస్తారు. సెకనుకు 50 ముక్కలు కనుక 1,600 బైట్లు. నిమిషానికి 96,000 బైట్లు. ఇందాక కుదించకుండా వచ్చిన లెక్క 9,60,000 కదా! సరిగ్గా పదోవంతు అయింది.

ఇంత లాభం ఊరికే రాదు. గంట సంకేతాలతో "లాగు" అని చెప్పవచ్చు గాని, "లాగు బిడ్డా, జాగ్రత్త" అని చెప్పలేం కదా! పట్టికలో లేని సన్నని వివరాలు పోతాయి. ఒకసారి పోయినవి ఫైలులో ఎక్కడా ఉండవు. మరొక సంగతి. ఈ వర్ణన ఒక మనిషి గొంతును దృష్టిలో ఉంచుకొని చేసినది. మాట వెనుక డప్పు మోగినా, షిఫ్టు సైరన్ కూసినా, ఇద్దరు ఒకేసారి మాట్లాడినా ఏఎంఆర్ తికమకపడుతుంది. పాత ఫోనులో రికార్డయిన పాట గరగరలాడడానికి ఇదే కారణం.

పేరు మార్చితే సరుకు మారదు

మా బడిలో ఒక విద్యార్థి ఫైలు పేరు చివరనున్న 'ఏఎంఆర్' అక్షరాలను చెరిపి 'ఎంపీ3' అని రాశాడు. "సార్, మార్చేశాను!" అన్నాడు. కందిపప్పు డబ్బామీద పెసరపప్పు అని చీటీ అతికిస్తే లోపలి పప్పు మారుతుందా? ఏఎంఆర్ ఫైలు మొదటి 6 బైట్లలో తాను ఏఎంఆర్‌నని చెప్పే గుర్తు ఉంటుంది. మీరు పైన ఏ పేరు పెట్టినా లోపలి సరుకు అదే. కొన్ని ప్లేయర్లు చీటీని పక్కనపెట్టి లోపలి గుర్తును చూసి పాడతాయి. అది చూసి పేరు మార్చడమే మార్పిడి అని పొరబడకూడదు.

ఇంకొక తేడా కూడా తెలుసుకోండి. సరుకు వేరు, దానిని కట్టిన సంచి వేరు. నేడు వాట్సాప్‌లో వచ్చే మాటల సందేశాలు 'ఓపస్' అనే పద్ధతిలో కుదించి, 'ఆగ్' అనే సంచిలో కట్టి ఉంటాయి. ఓపస్ 2012లో ప్రమాణమైంది. సంచి మాత్రమే మారిస్తే లోపలి సరుకుకు నష్టం లేదు. సరుకునే మార్చితే నష్టం ఉండవచ్చు.

మార్పిడిలో జరిగేది

నిజమైన మార్పిడిలో రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు, మూట విప్పడం. ఏఎంఆర్ వర్ణనను చదివి సెకనుకు 8,000 నమూనాల చొప్పున మామూలు అంకెలుగా విప్పుతారు. రెండవ మెట్టు, ఆ అంకెలను కొత్త మూటగా కట్టడం.

కొత్త మూట 'వేవ్' ఫైలు అయితే అంకెలను ఉన్నవి ఉన్నట్లే దాచుతుంది. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు తెచ్చిన రూపం ఇది. దాదాపు ప్రతి కంప్యూటరూ దీనిని తెరవగలదు. ఏఎంఆర్ నుంచి వేవ్‌లోకి మార్చితే కొత్తగా పోయేది ఏమీ లేదు. ఫైలు మాత్రం పదింతలవుతుంది.

కొత్త మూట ఎంపీ3 అయితే కథ మారుతుంది. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ తదితరులు ఎంతో శ్రమించి రూపొందించిన పద్ధతి అది. ఏఎంఆర్ మాట్లాడేవాని నోటిని వర్ణిస్తుందని చెప్పుకున్నాం. ఎంపీ3 దృష్టి వినేవాని చెవిమీద ఉంటుంది. పెద్ద చప్పుడు పక్కన చిన్న చప్పుడును మన చెవి పట్టించుకోదు. సంతలో పక్కవాడి గుసగుస మనకు వినబడదు కదా! అలా చెవి ఎలాగూ పట్టించుకోని భాగాలను ఎంపీ3 తగ్గించి రాస్తుంది.

ఇప్పుడు రెండింటినీ కలిపి చూడండి. మొదట ఏఎంఆర్ తన లెక్క ప్రకారం కొంత తీసివేసింది. మిగిలినదానినుంచి ఎంపీ3 తన లెక్క ప్రకారం మరికొంత తీసివేస్తుంది. ఆ ఎంపీ3ని మళ్లీ ఇంకొక రూపంలోకి మార్చితే ఇంకొంత పోతుంది. జిరాక్సుకు జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు తీస్తే అక్షరాలు ఎలా మసకబారతాయో ఇదీ అంతే.

మరి ఎంపీ3 స్థాయిని పెంచితే? లెక్క చూద్దాం. సెకనుకు 64,000 బిట్ల ఎంపీ3 నిమిషానికి 4,80,000 బైట్లు. అంటే ఏఎంఆర్‌కు అయిదు రెట్లు. 1,28,000 బిట్ల ఎంపీ3 నిమిషానికి 9,60,000 బైట్లు. ఈ సంఖ్యను ఎక్కడో చూసినట్లుంది కదూ? 8,000 నమూనాల వేవ్ ఫైలు పరిమాణం సరిగ్గా అంతే! ఒకే చోటు ఆక్రమించినప్పుడు ఏమీ పోగొట్టని వేవ్‌ను వదిలి ఎంపీ3ని ఎన్నుకోవడంలో లాభమేముంది? కాబట్టి దాచుకోవడానికి వేవ్, బంధువులకు పంపి వినిపించడానికి ఎంపీ3 అని పెట్టుకోవడం మేలు.

ఫైలు పెద్దదైతే ధ్వని మెరుగైందని చాలామంది అనుకుంటారు. గ్లాసెడు పాలను బిందెలో పోసినంతమాత్రాన బిందెడు పాలు కావు. 8,000 నమూనాల రికార్డును 44,100 నమూనాలకు మార్చితే కంప్యూటరు మధ్య అంకెలను లెక్కగట్టి నింపుతుంది. మైకు వినని ధ్వని మాత్రం అందులోకి రాదు.

'సీజు', 'ఫీజు'

ఏ ధ్వని పోయిందో మీరే కనిపెట్టవచ్చు. 'స' పలికేటప్పుడు వచ్చే బుసలో ఎక్కువ భాగం 4,000 హెర్ట్‌జ్‌లకు పైన ఉంటుంది. పాత ఫోను 3,400 దాటిన ధ్వనిని దాదాపుగా పట్టుకోదు. అందువల్ల బుసతో పలికే 'స', 'ఫ' అక్షరాలు దగ్గరగా వినబడతాయి. "సీజు చేశారు" అన్నారో, "ఫీజు" అన్నారో సందర్భాన్నిబట్టి పోల్చుకోవాలి. "సేల్ అయింది" అంటే "ఫెయిల్ అయింది" అని విని కంగారుపడేవారూ ఉన్నారు!

నేడు కృత్రిమ మేధతో పాత రికార్డులను "శుభ్రం" చేసే సాధనాలు వచ్చాయి. అవి పోయిన ధ్వనిని తిరిగి తేలేవు. ఇతరుల గొంతులనుంచి నేర్చుకొని, ఇక్కడ ఇలా ఉండి ఉంటుందని ఊహించి నింపుతాయి. వినడానికి హాయిగా ఉండవచ్చు. అయితే ఆ నింపిన భాగం మీ తాతది కాదు. బాయిలో వాడే ఒక పాత మాటను ఆ సాధనం ఎన్నడూ వినకపోతే, దానిని తనకు తెలిసిన మరో మాటలా మలిచినా మలచవచ్చు. అలాంటి నకలును వేరే పేరుతో వేరుగా దాచండి. దానిని అసలు స్థానంలో పెట్టకండి.

ఎలా చేయాలి?

ఇక పనిలోకి దిగుదాం. ఇంట్లో పెద్దవారినో, బడిలో కంప్యూటరు మాస్టారినో తోడు తీసుకోండి.

1. పాత ఫోను బ్యాటరీ ఉబ్బి ఉంటే దానిని ఛార్జింగు పెట్టవద్దు, గుచ్చవద్దు. రికార్డు మెమరీ కార్డులో ఉంటే కార్డును మాత్రం తీసుకోండి. ఫోనులోపలే ఉంటే మరమ్మతు దుకాణంలో మంచి బ్యాటరీ వేయించి, కేబులుతో కంప్యూటరుకు కలపండి.

2. మొట్టమొదట అసలు ఏఎంఆర్ ఫైలును ఉన్నదున్నట్లు కంప్యూటరులోకి నకలు చేయండి. నకలు చేయడంలో ఒక్క బిట్టు కూడా పోదు. ఇక మీదట చేసే పనులన్నీ ఆ నకలుమీదే చేయండి.

3. మార్పిడికి ఉచితంగా దొరికే సాధనాలున్నాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనేది అన్నిటికంటే ప్రసిద్ధమైనది. తెరమీద చూస్తూ పని చేయాలంటే ఆడాసిటీ వాడవచ్చు. అయితే ఆడాసిటీకి ఏఎంఆర్ అర్థం కావాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను కూడా జతచేయాలి. ముందుగా వేవ్‌లోకి మార్చండి. వేవ్ నుంచి ఎంపీ3 చేయండి. ఎంపీ3 నుంచి మరే రూపంలోకీ మార్చవద్దు. అవసరమైతే మళ్లీ వేవ్ దగ్గరకే రండి.

4. ఇంటర్నెట్టులో "ఫైలు ఇక్కడ పెట్టండి, మార్చి ఇస్తాం" అనే చోట్లున్నాయి. ఇంటి మాటలను ముక్కూమొహం తెలియని వారి చేతికి ఎందుకివ్వాలి? మన కంప్యూటరులోనే చేసుకోవడం క్షేమం.

5. మార్చిన ఫైలును మొదటినుంచి చివరివరకు వినండి. రెండు ఫైళ్ల నిడివి నిమిషాలు, సెకన్లతో సహా సరిపోయిందో లేదో చూడండి.

6. మాట్లాడినవారెవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ సందర్భం అనే వివరాలు ఒక కాగితంమీద రాయండి. ఫైలు పేరులో కూడా చేర్చండి. యాభై ఏళ్ల తరువాత వినేవారికి గొంతు ఎవరిదో తెలియకపోతే ఆ మాట అనాథ అవుతుంది.

7. రెండు చోట్ల దాచండి. మెమరీ కార్డు చెప్పకుండా పాడైపోతుంది. ఒకటి మీ ఇంట్లో, మరొకటి వేరే ఊళ్లో ఉన్న పెద్దమ్మ ఇంట్లో ఉంటే మంచిది.

ఈ రోజు రికార్డు చేస్తే

మీ వీధిలో బాయి పని చేసి విశ్రాంతి తీసుకున్న పెద్దలు ఇంకా ఉన్నారా? అయితే ఆలస్యం చేయకండి. వారి అనుమతి తీసుకొని రికార్డు చేయండి. నేటి స్మార్ట్‌ఫోనులు చాలావాటిలో వేవ్ రూపంలో రికార్డు చేసే వీలు ఉంటుంది, లేదా అలా చేసే యాప్ దొరుకుతుంది. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం దాచదగిన రికార్డుకు సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 24 బిట్లు ఉండాలని సూచిస్తుంది. మీ ఫోను 48,000 నమూనాలు, 16 బిట్లు ఇచ్చినా సంతోషమే. దానిలో 'స' బుస కూడా చక్కగా పడుతుంది.

ఫ్యాను ఆపండి. టీవీ కట్టేయించండి. ఫోనును నోటికి జానెడు దూరంలో మెత్తని గుడ్డమీద పెట్టండి. తక్కువ అడగండి, ఎక్కువ వినండి. షిఫ్టు సైరన్ మోగితే అది ఆగేవరకు ఆగండి. లేదా దానిని కూడా రికార్డు కానివ్వండి, అదీ మన ఊరి ధ్వనే!

కంప్యూటర్లకు మన భాషలను నేర్పే ప్రయత్నం దేశంలో సాగుతోంది. 2022లో కేంద్ర ప్రభుత్వం 'భాషిణి' అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. మాటను అక్షరాలుగా మార్చే యంత్రాలు సాధారణంగా సెకనుకు 16,000 నమూనాల ధ్వనితో నేర్చుకుంటాయి. ఏ మాటలు వినిపిస్తే ఆ మాటలే నేర్చుకుంటాయి. తట్ట, చెమ్మస్, మస్టరు, టబ్బు వంటి మాటలను బాయి మనిషి పలికినట్లు అవి వినాలంటే, ఆ పలుకు ఎక్కడో ఒకచోట చెడకుండా ఉండాలి కదా!

ఆలోచించండి, చేసి చూడండి

1. మీ తాతగారి ఏఎంఆర్ రికార్డు 12 నిమిషాలుంది. అది సెకనుకు 12,200 బిట్ల స్థాయిలో ఉంటే ఫైలు సుమారు ఎన్ని బైట్లు? 8,000 నమూనాల వేవ్‌లోకి మార్చితే ఎన్ని బైట్లవుతుంది?

2. ఒక సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, నమూనాకు 16 బిట్లు, కుడి ఎడమలకు రెండు వరుసలు ఉంటాయి. సెకనుకు ఎన్ని బిట్లు? అది ఏఎంఆర్ పై స్థాయికి దాదాపు ఎన్ని రెట్లు?

3. మీ స్నేహితుని చేత "సీజు, ఫీజు, సేల్, ఫెయిల్" అనే మాటలను కలగాపులగంగా 20 సార్లు ఫోనులో పలికించండి. ఎన్ని సరిగా విన్నారో లెక్కించండి. అతనిని ఎదురుగా నిలబెట్టి, మీరు కళ్లు మూసుకొని మళ్లీ వినండి. కళ్లు ఎందుకు మూసుకోమన్నానో చెప్పగలరా?

మొదటి రెండు లెక్కలకు జవాబులు: మొదటిది 11,52,000 బైట్లు, 1,15,20,000 బైట్లు. రెండవది 14,11,200 బిట్లు, అనగా ఏఎంఆర్‌కు దాదాపు 116 రెట్లు. మూడవదానికి జవాబు మీ నోటుపుస్తకంలో మీరే రాయాలి.